కాలేజీ ఐస్ హాకీ ఫైనల్స్‌ని మంచు పడని ఊళ్ళలో పెట్టడం సరైనదేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మినియాపొలిస్‌లో ఉంటున్న ఒక తండ్రి అడిగారు. వాళ్ళబ్బాయి మిన్నెసోటా యూనివర్సిటీలో చదువుతున్నాడు, ఇద్దరికీ కాలేజీ ఐస్ హాకీ అంటే ప్రాణం. "ఈ ఆటని పెంచి పోషించింది మా వైపు వాళ్ళూ, బోస్టన్ వైపు వాళ్ళూ. ఛాంపియన్‌షిప్‌ని మాత్రం ఫ్లోరిడాలోని టాంపాకి, లాస్ వేగాస్‌కి పట్టుకెళ్తున్నారు. ఇదంతా డబ్బు కోసమేనా? ఆ వేడిలో ఐస్ సరిగ్గా ఉంటుందా? అంత దూరం వెళ్ళలేని మాలాంటి వాళ్ళ సంగతేంటి?"

నేను అరీనాల్లో ఐస్ తయారీ, శీతలీకరణ పనులు చూసే ఇంజనీరుని. ఉత్తరాది రింకుల్లో పని నేర్చుకున్నాను. చాలా ఏళ్ళుగా దక్షిణాదిలో ఉన్నాను. ప్రొఫెషనల్ మ్యాచ్‌లకీ కాలేజీ టోర్నీలకీ ఐస్ సిద్ధం చేశాను కాబట్టి ఈ విషయం రెండు వైపుల నుంచీ చూశాను.

సూటిగా చెప్తాను. ఆఖరి వారాంతం, అంటే ఫ్రోజెన్ ఫోర్, అప్పుడప్పుడూ దక్షిణాదికి వెళ్ళడం మంచిదే. దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అభిమానులకి అసలు అన్యాయం జరుగుతున్నది అంతకు ముందు జరిగే రీజినల్స్‌లో. మీ కోపం న్యాయమైనదే. అది టాంపా మీద కాకుండా రీజినల్స్ మీద ఉండాలని నా అభిప్రాయం.

ఈ ఆటతో పరిచయం లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికా కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ నడిపే పురుషుల డివిజన్ 1 (అగ్ర శ్రేణి) టోర్నీకి 16 జట్లు ఎంపికవుతాయి. వాటిని నాలుగేసి చొప్పున నాలుగు ఊళ్ళకి పంపుతారు, అవి రీజినల్స్. ఓడితే ఇంటికే. ఒక్కో రీజినల్ నుంచి ఒక్క జట్టు మిగులుతుంది. ఆ నాలుగూ ఏప్రిల్‌లో ఒకే ఊరికి చేరి, గురువారం రెండు సెమీస్, శనివారం ఫైనల్ ఆడతాయి. మధ్యలో శుక్రవారం దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడికి హోబీ బేకర్ అవార్డు ఇస్తారు.

ఇప్పుడు చరిత్ర సంగతి. "సొంత గడ్డ మీదే జరగాలి" అనేవాళ్ళు తరచుగా మర్చిపోయే విషయం ఒకటుంది. ఈ ఛాంపియన్‌షిప్ పుట్టింది మిన్నెసోటాలో కాదు, బోస్టన్‌లోనూ కాదు. 1948లో మొదలై 1957 దాకా, వరసగా పదేళ్ళూ, కొలరాడో స్ప్రింగ్స్‌లోని బ్రాడ్‌మూర్ అనే పెద్ద విహార హోటల్ వారి రింక్‌లో జరిగింది. మొదటి ఫైనల్‌లో మిషిగన్ 8-4తో డార్ట్‌మత్‌ని ఓడించింది. తూర్పు తీరం నుంచి వచ్చే జట్లకి ఆ రోజుల్లో అదెంత దూరమో ఆలోచించండి. అంటే దూరపు ఊరికి, సెలవులకి జనం వెళ్ళే చోటికి అందరూ కలిసి వెళ్ళడం ఈ టోర్నీకి మొదటి రోజు నుంచీ ఉన్న అలవాటే. 1958లో మినియాపొలిస్ వచ్చాకే ఊళ్ళు మారడం మొదలైంది.

దక్షిణాది, పశ్చిమ తీరాల వంతు చాలా తర్వాత వచ్చింది. 1999లో కాలిఫోర్నియాలోని అనహైమ్. 2012, 2016, 2023లలో టాంపా. 2026కి లాస్ వేగాస్. ఈ వేగాస్ ఎందుకింత ఆలస్యమైందో చాలామందికి తెలియదు. దానికి కారణం వేడి కాదు, బెట్టింగ్. ఆటల మీద పందేలు చట్టబద్ధమైన నెవాడాలో తన ఛాంపియన్‌షిప్‌లు పెట్టకూడదని ఎన్‌సీఏఏకి చాలా కాలం నియమం ఉండేది. 2018 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి బెట్టింగ్ స్వేచ్ఛ ఇచ్చాక ఆ నియమానికి అర్థం లేకుండా పోయింది, ఎత్తేశారు. 2020లో వేగాస్ పేరు ప్రకటించారు.

దగ్గర్లో పెడితే మన జట్టుని చూస్తామన్నది నిజమా? ఇక్కడే నా వాదనకి బలం ఉంది. 1999లో అనహైమ్‌కి చేరిన నాలుగు జట్లలో మూడు ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్‌వే: మెయిన్, న్యూ హాంప్‌షైర్, బోస్టన్ కాలేజ్. ఫైనల్ మెయిన్, న్యూ హాంప్‌షైర్ మధ్య జరిగింది, ఓవర్‌టైమ్‌లో మెయిన్ 3-2తో గెలిచింది. పక్కపక్క రాష్ట్రాల జట్లు దేశం అటు చివరకి వెళ్ళి ఆడుకున్నాయి. ఇక 2022లో ఫైనల్స్ బోస్టన్ నడిబొడ్డునే పెట్టారు. వచ్చిన జట్లు డెన్వర్, మిషిగన్, మిన్నెసోటా, మిన్నెసోటా స్టేట్. తూర్పు నుంచి ఒక్కటీ లేదు. 2024లో మీ పక్కనున్న సెయింట్ పాల్‌లో పెడితే బోస్టన్ యూనివర్సిటీ, బోస్టన్ కాలేజ్, డెన్వర్, మిషిగన్ వచ్చాయి. మిన్నెసోటా జట్టు ఒక్కటీ లేదు. 2018లో అదే సెయింట్ పాల్‌లో మిన్నెసోటా డులూత్ కప్పు ఎత్తిందనుకోండి, అది అదృష్టం. వేదికని ఏళ్ళ ముందే ఖాయం చేస్తారు, అప్పటికి ఏ జట్టు ఫామ్‌లో ఉంటుందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఫైనల్స్‌ని ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు విమానం ఎక్కక తప్పదు.

మరి అంత దూరం ఎవరు వస్తారు? వస్తారండీ, బాగానే వస్తారు. మన తెలుగు సంఘాల మహాసభల్ని గుర్తు చేసుకోండి. జూలై 4 వారాంతంలో ఏ ఊళ్ళో పెట్టినా, ఏడాది ముందే సెలవు పెట్టుకుని బంధువులనీ స్నేహితులనీ కలుపుకుని వెళ్ళే కుటుంబాలు ఉంటాయి కదా. ఫ్రోజెన్ ఫోర్ కూడా అలాంటి కలయికే. తమ జట్టు ముందే ఓడిపోయినా, తమ కాలేజీ జెర్సీ వేసుకుని వచ్చేవాళ్ళు వేలల్లో ఉంటారు. హాలు వరండాల్లో నిలబడి చూస్తే నాలుగు జట్ల రంగులే కాదు, నలభై కాలేజీల రంగులు కనిపిస్తాయి. నార్త్ డకోటా యూనివర్సిటీ వాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబర్‌లో వాళ్ళ జట్టు లాస్ వేగాస్‌లో మీ మిన్నెసోటాతో ఒకే ఒక్క మ్యాచ్ ఆడితే, దానికోసం ఆ ఊరినే తమ జట్టు రంగైన ఆకుపచ్చగా మార్చేశారు. పైగా ఫ్లోరిడాలో మిషిగన్, మిన్నెసోటా, న్యూ ఇంగ్లండ్‌ల నుంచి రిటైరై వచ్చి స్థిరపడినవాళ్ళూ, చలికాలం అక్కడ గడిపేవాళ్ళూ ఎందరో. టాంపాలో హాలు నిండటానికి వాళ్ళూ ఒక ముఖ్య కారణం. 2023 ఫైనల్‌లో మిన్నెసోటా మీద క్విన్నిపియాక్ ఓవర్‌టైమ్ మొదలైన 10 సెకన్లకే గోల్ కొట్టి 3-2తో గెలిచింది. అది మీకు చేదు జ్ఞాపకమే అయినా, ఆ హాలు ఎలా ఊగిపోయిందో టీవీలోనైనా చూసే ఉంటారు.

ఇక ఐస్. ఇది నా పని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

బయట ఎండ ఎంతుందన్నది ఐస్‌కి పెద్ద సమస్య కాదు. కాంక్రీటు గచ్చులో పైపులు పరిచి, వాటిలో గడ్డకట్టని చల్లటి ద్రవాన్ని తిప్పుతాం. దానిమీద అంగుళం, అంగుళంపావు మందాన పొరలు పొరలుగా ఐస్ కడతాం. పైభాగం మైనస్ 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే హాకీకి బాగుంటుంది. ఇది సెయింట్ పాల్‌లోనూ అంతే, టాంపాలోనూ అంతే. అసలు శత్రువు గాలిలో తేమ. తడి గాలి చల్లటి ఐస్‌కి తగిలితే దానిమీద నూగులా మంచు పేరుకుంటుంది. పక్ (కర్రతో కొట్టే రబ్బరు బిళ్ళ) జారదు, ఎగిరి పడుతుంది, పాసులు చెడతాయి. అందుకే దక్షిణాది అరీనాల్లో తేమని లాగేసే యంత్రాల మీద పెట్టే ఖర్చు ఉత్తరాది వాళ్ళు ఊహించలేరు. హాల్లోకి వచ్చే ప్రతి ఘనపుటడుగు గాలినీ ముందే పొడిగా చేసి లోపలికి వదలాలి. 18, 19 వేల మంది లోపలికి వచ్చాక వాళ్ళ ఊపిరి, ఒంటి వేడి కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి, జనం రాకముందే హాలుని మామూలుకంటే ఇంకాస్త చల్లగా, పొడిగా చేసి ఉంచుతాం.

నా అనుభవంలో ఒక టోర్నీ సాయంత్రం బయట వాన వెలిసింది. బ్యాండు వాళ్ళ వాయిద్యాలు దించడానికి వెనక సరుకుల తలుపు తెరిచారు, దాన్ని అలాగే వదిలేశారు. కాసేపటికే ఆ మూల గోల్ దగ్గర ఐస్ రంగు మారింది. తలుపు మూయించి, ఐస్ ఉష్ణోగ్రత ఒక మెట్టు దించి, ఆ వైపు రెండోసారి ఐస్‌ని నునుపు చేసే నీళ్ళబండి తిప్పితే ఆట మొదలయ్యేసరికి సర్దుకుంది. ఆ తర్వాత ఆ తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టాం. దక్షిణాదిలో ఐస్ చెడిందంటే నూటికి తొంభైసార్లు కారణం ఇలాంటి తలుపే.

వేగాస్ కథ వేరు. అది ఎడారి, గాలి పొడి. తేమ విషయంలో ఐస్ చేసేవాడికి వరం లాంటి ఊరు. అక్కడ ఇబ్బంది నీళ్ళతో. మీడ్ సరస్సు నుంచి వచ్చే నీటిలో ఖనిజాలు ఎక్కువ. ఆ నీళ్ళు అలాగే పోస్తే ఐస్ మెత్తగా, మసకగా ఉంటుంది. కాబట్టి శుద్ధి చేసిన నీళ్ళే వాడాలి. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఉన్న ఏ అరీనాలోనైనా ఆ ఏర్పాట్లు ఉంటాయి. వేగాస్ జట్టు 2023లో ఆ లీగ్ ఛాంపియన్‌కిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది, టాంపా జట్టు 2004, 2020, 2021లలో గెలిచింది. ఆ జట్లు ఏడాదికి నలభైకి పైగా మ్యాచ్‌లు ఆడే ఐస్ కాలేజీ కుర్రాళ్ళకి చాలదనడం సరికాదు.

నిజానికి నాకు దక్షిణాది కంటే పెద్ద భయం ఫుట్‌బాల్ స్టేడియాలు. 2010లో డెట్రాయిట్‌లోని ఫోర్డ్ ఫీల్డ్‌లో తాత్కాలిక రింక్ వేసి ఫైనల్స్ ఆడించారు. బోస్టన్ కాలేజ్ 5-0తో గెలిచిన ఆ ఫైనల్‌కి 37,592 మంది వచ్చారు, సంతోషమే. కానీ కొన్ని రోజుల కోసం కట్టిన రింక్‌కీ, ఏడాది పొడుగునా నడిచే రింక్‌కీ పోలిక లేదు. డెట్రాయిట్‌లో తాత్కాలిక ఐసా, టాంపాలో శాశ్వత ఐసా అని ఎవరైనా అడిగితే నేను రెండో ఆలోచన లేకుండా టాంపా అంటాను.

ఐస్ కాకుండా వేదికకి అసలు కష్టాలు వేరే ఉన్నాయి. ఫైనల్స్ ఏప్రిల్ మొదట్లో, అప్పటికి ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ ఇంకా నడుస్తుంటుంది. అంటే స్థానిక జట్టుని ఆ వారమంతా బయటి ఊళ్ళకి పంపేలా షెడ్యూలు రాయించుకోవాలి. వాళ్ళ గుర్తులు, ప్రకటనలు ఐస్ మీదా బోర్డుల మీదా కనపడకూడదు. రాత్రికి రాత్రి గీకి, తెల్లరంగు కొట్టి, కొత్త గుర్తులు వేసి, మళ్ళీ పొరలు కట్టాలి. ఇంకోటి, అరీనా కట్టేది రెండు జట్ల కోసం. గురువారం నాలుగు జట్లు ఒకేసారి దిగుతాయి. నాలుగు డ్రెస్సింగ్ రూములు, కాంక్రీటు మీద స్కేట్ల పదును పోకుండా రబ్బరు చాపలు, పదును పెట్టే యంత్రాలకి కరెంటు, తడి సామాను ఆరబెట్టే ఫ్యాన్లు, అన్నీ నాలుగేసి. మొదటి సెమీస్ ఓవర్‌టైమ్‌కి వెళ్తే గోల్ పడేదాకా 20 నిమిషాల పీరియడ్లు సాగుతూనే ఉంటాయి, రెండో సెమీస్ జట్లు లోపల ఎదురుచూస్తూ ఉంటాయి. ఇవన్నీ సెయింట్ పాల్‌లోనూ ఉండేవే. ఇలాంటివి తరచూ చేసే సిబ్బంది ఉన్న ఊరు కావాలి తప్ప, మంచు పడే ఊరు కానక్కర్లేదు.

డబ్బు కోసమేనా అంటే, డబ్బు కూడా ఒక కారణమే. ఊళ్ళు పోటీపడి బిడ్లు వేస్తాయి. హోటల్ గదులు, హాలు అద్దె, విమాన సౌకర్యం, వాలంటీర్లు, అన్నీ లెక్క చూస్తారు. టాంపాకి మళ్ళీమళ్ళీ రావడానికి కారణం అక్కడ హాలుకి నడిచి వెళ్ళేంత దూరంలో హోటళ్ళు ఉండటం, ఊరి స్పోర్ట్స్ కమిషన్ ఈ పని బాగా చేయడం. ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ కనపడలేదు.

కానీ అలాంటి ఊళ్ళలో పెడితే ఆట దానంతటదే వ్యాపిస్తుందని కొందరు చెప్పే మాట నేను నమ్మను. 2012లో టాంపా ఫైనల్స్‌కి ఆతిథ్య యూనివర్సిటీ అలబామా హంట్స్‌విల్. అప్పట్లో దక్షిణాదిలో డివిజన్ 1 ఆడుతున్న ఒకే ఒక్క కాలేజీ అది, 1996, 1998లలో డివిజన్ 2 జాతీయ ఛాంపియన్ కూడా. అంత చరిత్ర ఉన్న జట్టు, అంత పెద్ద టోర్నీకి పేరు ఇచ్చిన జట్టు, 2021లో ఆగిపోయింది. దాతలు ముందుకొచ్చి ఒకసారి కాపాడారు. ఆడటానికి లీగ్ దొరకలేదు. ఆ వార్త విన్న రోజు నాకు చాలా బాధ కలిగింది. దక్షిణాది కుర్రాళ్ళకి ఆ జెర్సీ ఒక దారి చూపించింది.

మరి ఆటని నిలబెట్టేదేమిటి? ఊళ్ళో రింకులు, పిల్లలకి కోచ్‌లు, గట్టి దాతలు. అరిజోనా స్టేట్‌ని చూడండి. 2014లో క్లబ్ స్థాయిలో జాతీయ టైటిల్ గెలిచారు. అదే ఏడాది 3 కోట్ల 20 లక్షల డాలర్ల విరాళం వచ్చింది, 2015లో డివిజన్ 1కి వచ్చారు, 2019లో ఎన్‌సీఏఏ టోర్నీకి ఎంపికయ్యారు, 2022లో సుమారు 5,000 సీట్ల సొంత అరీనా తెరిచారు. ఆ ఊరికి ఒక్క ఫ్రోజెన్ ఫోర్ కూడా రాలేదు. అదే అరిజోనాలో పెరిగిన ఆస్టన్ మాథ్యూస్ 2016లో జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి పేరు. మన వాళ్ళకి బాగా తెలిసిన డాలస్‌నే తీసుకోండి. 1993లో మీ మిన్నెసోటా నుంచే అక్కడికి తరలిపోయిన ఎన్‌హెచ్‌ఎల్ స్టార్స్ జట్టు శివార్లలో ప్రాక్టీసు రింకులు పెట్టింది. ఈరోజు ఫ్రిస్కో రింకులో శనివారం ఉదయం నిలబడితే, హెల్మెట్ కిందనుంచి అమ్మతో తెలుగులో మాట్లాడే పిల్లలు కనిపిస్తారు. ఆ దృశ్యం వెనక ఇరవై, ముప్పై ఏళ్ళ రోజువారీ ఐస్ ఉంది. ఛాంపియన్‌షిప్ ఆ పిల్లలకి ఒక పెద్ద రోజు చూపించగలదు, అంతవరకే. అది కూడా విలువైనదే అనుకుంటాను.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయానికి వస్తాను. రీజినల్స్. జట్ల పేర్లు ఆదివారం తెలుస్తాయి. ఆట గురువారమో శుక్రవారమో. నాలుగు రోజుల్లో టికెట్టు, విమానం, హోటల్, సెలవు ఎవరు చూసుకోగలరు? ఫ్రోజెన్ ఫోర్‌లా ఏడాది ముందు ప్లాన్ చేసుకునే వీలు లేదు. అందుకే దేశంలోకెల్లా గొప్ప జట్లు కూడా తటస్థ వేదిక పేరుతో సగం ఖాళీ హాళ్ళలో ఆడుతుంటాయి. పైగా అది నిజంగా తటస్థం కూడా కాదు. ఆతిథ్య కాలేజీ టోర్నీకి ఎంపికైతే దాన్ని దాని సొంత వేదికకే పంపాలన్నది నియమం. ఫార్గోలో రీజినల్ ఉంటే 80 మైళ్ళ దూరంలోని నార్త్ డకోటా యూనివర్సిటీకి అది ఇల్లు లాంటిదే. 2025లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో ఆతిథ్య జట్టు పెన్ స్టేట్, అక్కడికి అగ్ర సీడ్‌గా, అంటే ఆ నాలుగింటిలో పై ర్యాంకుతో, వచ్చిన మెయిన్‌ని 5-1తో ఓడించి, మొదటిసారి ఫ్రోజెన్ ఫోర్ చేరింది. పెన్ స్టేట్ బాగా ఆడింది, అందులో సందేహం లేదు. కానీ సీజన్ అంతా చెమటోడ్చి అగ్ర సీడ్ సంపాదించిన జట్టు, తనకంటే కింది సీడ్ అభిమానుల మధ్య ఆడాల్సి రావడం ఏం న్యాయం?

మహిళల టోర్నీలో తొలి రౌండ్లు పై సీడ్ జట్ల క్యాంపస్‌లోనే జరుగుతాయి. పురుషులదీ 1990ల మొదటిదాకా అలాగే ఉండేది. మళ్ళీ అలాగే కావాలి. చిన్న రింకులు, టీవీ ఏర్పాట్లు, హోటళ్ళు కొరత అని అభ్యంతరాలు చెప్తారు. వాటిలో నిజం లేకపోలేదు, 3,000 సీట్ల హాలుతో టికెట్లకి తగువే. అయినా 3,000 మంది విద్యార్థులు అరుస్తున్న చిన్న హాలు, ప్రతిధ్వని వినిపించే పెద్ద హాలు కంటే ఈ ఆటకి ఎంతో మేలు.

టాంపా, వేగాస్‌ల వల్ల నిజంగా నష్టపోయేది విద్యార్థులే, ఇది నేను ఒప్పుకుంటాను. మీ అబ్బాయి కారులో స్నేహితులతో సెయింట్ పాల్ వెళ్ళగలడు. 1,500 మైళ్ళకి పైగా ఉన్న టాంపాకి వెళ్ళలేడు. దక్షిణాది ఫైనల్స్‌లో విద్యార్థుల గ్యాలరీ పలచగా ఉంటుంది, బ్యాండు ఒక్కటే కొంత లోటు తీరుస్తుంది. అందుకే ప్రతి ఏడూ అక్కడే అంటే నేనూ వ్యతిరేకిస్తాను. నా చేతిలో ఉంటే నాలుగైదేళ్ళకోసారి దక్షిణానికో పడమరకో పంపి, మిగతా ఏళ్ళు సెయింట్ పాల్, బోస్టన్, డెట్రాయిట్, పిట్స్‌బర్గ్, బఫెలో లాంటి ఊళ్ళ మధ్య తిప్పుతాను. దూరపు వేదికకి బిడ్ వేసే ఊరు విద్యార్థులకి తక్కువ ధర టికెట్లు, బస ముందే చూపించాలని షరతు పెడతాను.

ఆఖరుగా మీకు పనికొచ్చేది ఒకటి. దూరపు ఊళ్ళో ఫైనల్స్ ఉన్న ఏడాది, మూడు మ్యాచ్‌లకీ కలిపి అమ్మే టికెట్లు ముందే కొని ఖర్చు పెంచుకోకండి. హోటల్ మాత్రం రద్దు చేసుకునే వీలున్నది ముందే పట్టండి. గురువారం రాత్రి ఓడిన రెండు జట్ల అభిమానుల్లో చాలామంది శనివారం టికెట్లు అమ్మేసుకుని వెళ్ళిపోతారు, శుక్రవారానికి ధరలు దిగుతాయి. మీ జట్టు గురువారం గెలిస్తే శుక్రవారం విమానం ఎక్కి శనివారం ఫైనల్ చూడొచ్చు. తిరుగు ప్రయాణం సోమవారానికి పెట్టుకోండి, ఆదివారం ఉదయం ఆ విమానాశ్రయంలో అడుగు పెట్టే చోటు ఉండదు.